అడుగున వణికిన గీత

తెగిపోయిన టేపు ముక్కలు ఏవని అడిగితే గోపీకృష్ణ ముందు గుమ్మం వైపు చూశాడు. తర్వాత చెత్తబుట్ట వైపు చూశాడు. ఆ తర్వాతే నోరు విప్పాడు.

"పారీసినానండి. మిషను నమిలీసిన టేపు ఉంచుకుని ఏటి సేస్తామండి?"

"ఎప్పుడు?"

"గురువారం. కంప్యూటర్లోకి ఎక్కించీసినాక వెనక్కి తిప్పుతుంటే పట్టీసింది."

"ఇచ్చిన అమ్మాయిని ఒక్క మాటైనా అడక్కుండా పారేశారా?"

గోపీకృష్ణ టేబుల్ మీద లేని దుమ్ముని అరచేత్తో తుడిచాడు.

వెంకటదుర్గ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆదివారం మధ్యాహ్నం రెండున్నర. అబీద్ సెంటర్ పక్క సందులో, మేడ మీద రెండు గదుల స్టూడియో. ముందు గదిలో బెంచీ మీద, టేపు ఇచ్చిన శాలిని కూర్చుని ఉంది. చర్చి నుంచి నేరుగా వచ్చింది. లోపలి గదిలో వీళ్ళిద్దరు. మధ్య తలుపు ఓరగా వేసి ఉంది.

పంతొమ్మిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఎస్సైగానే రాజీనామా ఇచ్చి బయటికొచ్చిన మనిషి వెంకటదుర్గ. నాలుగేళ్ళుగా వకీళ్ళ కోసం ఎంక్వైరీలు చేస్తోంది. ఈ పని మాత్రం ఏ వకీలూ అప్పగించలేదు. తనే అడిగి తీసుకుంది. ఎందుకని శాలిని అడిగినప్పుడు, "నాకో బాకీ ఉంది" అని మాత్రం అంది.

ఆ బాకీ పద్నాలుగేళ్ళ నాటిది. గొలుగొండ పక్క ఊళ్ళో దేవుడమ్మ అనే జీడితోటల ఆసామిని, జనవరి నెల ఓ సాయంత్రం, వంటింట్లో రోకలితో కొట్టి చంపారు. ఏడింటికి పక్కింటి సోమలమ్మ పాలు పోసి, నాలుగు మాటలాడి వెళ్ళింది. ఏడూ నలభై అయిదుకి మేనల్లుడు రమేష్‌బాబు వచ్చి చూస్తే శవం. ఆ ముప్పావుగంటలో చంపింది తోట కాపలావాడు ఏసుపాదం అన్నారు. రక్తం అంటిన తుండు అతని దగ్గరే దొరికింది. యావజ్జీవం పడింది.

ఆ వేళకి ఏసుపాదం చర్చిలో కోతల పండుగ పాటలకి డోలక్ వాయిస్తున్నాడని ఊళ్ళో చాలామంది అన్నారు. ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా అని గుచ్చి అడిగితే ఒక్కరూ నిలబడలేదు. నిలబడగలిగింది ఒకటే, ఆ పండుగని గోపీకృష్ణ కామ్‌కార్డర్‌తో తీసిన టేపు. ఆ టేపు మీద వేరే పెళ్ళి తీసేశానని అప్పుడతను స్టేట్‌మెంట్ ఇచ్చాడు. దాన్ని రాసుకున్న ఎస్సై వెంకటదుర్గే. తుడిచేసిన ఆ టేపేదో ఒకసారి చూపించమని అడగాలని ఆమెకి తోచలేదు. ఆ అడగని ప్రశ్నకి ఒక మనిషి పద్నాలుగేళ్ళు జైల్లో ఉన్నాడు.

రెండు నెలల కిందట చర్చి పాస్టరు దయాకర్ బాబు చనిపోయాడు. ఆయన భార్య బీరువా సర్దుతుంటే బిస్కెట్ల డబ్బాలో, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన డీవీ క్యాసెట్ దొరికింది. మీద 'కోతల పండుగ' అని రాసి ఉంది. తెచ్చి ఏసుపాదం కూతురు శాలిని చేతిలో పెట్టింది. శాలిని దాన్ని గోపీకృష్ణకే ఇచ్చింది. ఆ టేపు ఆడించే కెమెరా ఈ ఊళ్ళో అతని దగ్గర తప్ప లేదు. బొమ్మ ఏమాత్రం చెడకుండా డీవీడీలోకి ఎక్కించమని మరీమరీ చెప్పింది. హైకోర్టులో ఏసుపాదం అప్పీలు బుధవారం విచారణకి వస్తోంది.

శాలిని తల్లి కరుణకుమారి మాత్రం ఈ టేపు గొడవ వద్దే వద్దందట. మళ్ళీ ఆశపడి మళ్ళీ ఏడవలేనందట.

"డిస్కు పెట్టండి," అంది వెంకటదుర్గ.

టీవీలో చర్చి వచ్చింది. గుమ్మానికి కట్టిన చెరుకుగడలు, వరి కంకుల కట్టలు, పాడుతున్న ఆడవాళ్ళు. మధ్యలో డోలక్ పెట్టుకున్న మనిషి. ఏసుపాదమే అని తెలిసినవాళ్ళు పోల్చుకోగలరు. తెలియని జడ్జికి మాత్రం అక్కడున్నది మీసమున్న ఒక మసక మొహం. వెనక గేటు, గేటు పక్కన కుళాయి, కుళాయి దగ్గర అటూ ఇటూ కదిలే నీడలు. తేదీ లేదు. టైము లేదు.

వెంకటదుర్గ మొహాలు చూడటం లేదు. బొమ్మకి అట్టడుగున చూస్తోంది. అక్కడ ఒక సన్నటి తెల్ల గీత, చిరిగిన పంచె అంచులా, మొదటి నుంచీ వణుకుతూనే ఉంది.

"ఇది ఆ డీవీ టేపు నుంచే ఎక్కించారా?"

"మరేటండి! ఫైర్‌వైర్ తీగ పెట్టి సూటిగా ఎక్కించినాను. అలాగైతే టేపులో ఎంతుందో అంతా వచ్చీస్తాది, ఒక చుక్క తగ్గదు. డిస్కుకి కూడా గంటకి మించి ఎక్కించలేదు. ఎక్కువ కుక్కితే బొమ్మ నలిగిపోద్దని."

"పని బాగా తెలుసు మీకు."

"ముప్పై ఏళ్ళండి."

"మా ఆయన పెళ్ళి వీడియోలు తీసేవాడు. కాపురం పదేళ్ళకే పోయింది గానీ ఆ పని నాకు అబ్బింది. డీవీ టేపు పాడైతే బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతుంది. ఇలా అడుగున గీత వణకదు. ఈ వణుకు పాతకాలం పెద్ద క్యాసెట్, వీహెచ్ఎస్ టేపుది. అవునా?"

గోపీకృష్ణ కళ్ళు మూల బల్ల వైపు వెళ్ళాయి.

ఆమె లేచి గది చూసింది. మూల బల్ల మీద పాత వస్తువులన్నిటి మీదా వేలితో రాయగలిగినంత దుమ్ము. వాటి మధ్య గుడ్డ కప్పిన వీసీఆర్ ఒక్కటీ శుభ్రంగా ఉంది. గుడ్డ తీసింది. పక్కనే స్పిరిట్ సీసా, నల్లబడిన దూది. వీసీఆర్ వెనక నుంచి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు డీవీడీ రికార్డర్‌లోకి ఇంకా తగిలించే ఉన్నాయి.

"ఎప్పుడో తీసిన వీహెచ్ఎస్ కాపీ ఒకటి మీ దగ్గరుంది. దాన్ని ఈ తీగలతో డిస్కు మీదికి దింపారు. అసలు టేపు మంచిగా చేతిలో ఉండగా, కాపీ నుంచి ఎందుకు దింపారు?"

అతను నోరు తెరిచేలోపు మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ముందు గదిలో శాలిని లేచి నిలబడ్డ అలికిడి వినిపించింది.

తలుపు తోసుకుని వచ్చినవాడు రాజుబాబు. దేవుడమ్మ కేసు నడిపిన సీఐ. రిటైరయ్యాక రమేష్‌బాబు తరఫున కోర్టు పనులన్నీ చూస్తున్నాడు. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది.

"ఏటి దుర్గా, ఉద్యోగం వదిలీసినా ఇళ్ళ మీద పడి తిరగడం మానలేదేటి?"

"మీరు రిటైరయ్యాక కూడా సాక్షులకి కాగితాలు టైపు చేయించి తెస్తున్నారు కదా సార్. మానలేనిది నేనొక్కదాన్నే కాదు."

రాజుబాబు నవ్వాడు. కాగితం గోపీకృష్ణ ముందు పెట్టాడు. "టేపు పాడైపోయింది, పారీసినాను అని రాయించాను. నువ్వు ఫోన్లో సెప్పిన మాటే. సదువుకుని సంతకం పెట్టు."

"నోటరీ లేకుండానా?" అంది వెంకటదుర్గ.

"తెస్తాను. బేగి తెస్తాను, కంగారు పడకు." ఆమె వైపు తిరిగాడు. "ఒరిజినల్ లేదు. టైము లేదు. మసక బొమ్మలో ఎవడో డోలక్ వాయిస్తన్నాడు. అది ఆ ఏడాది పండగో, అంతకు ముందేడాది పండగో ఎవడికి తెలుసు? పట్టుకెళ్ళి బుధవారం కోర్టులో పెట్టుకోండి. అయిదు నిమిషాలు నిలవదు."

"ఒరిజినల్ ఉంటే?"

"ఉంటే కెమెరా గడియారం తప్పంటాం."

"ఏడింటికి చర్చి గంట ఏడు కొడతారు. టేపులో ఏడో గంట మోగేసరికి కెమెరా గడియారం కూడా ఏడే చూపిస్తే?"

రాజుబాబు నవ్వు ఆగింది. గొంతు తగ్గించాడు.

"దుర్గా, ఆ స్టేట్‌మెంట్ రాసింది నీ చెయ్యి. నాది కాదు."

"తెలుసు సార్. రోజూ తెలుసు."

"ఇంకోటి కూడా తెలుసుకో. ఏసుపాదాన్ని నేను ఒక్క దెబ్బ కొట్టలేదు. కొట్టి ఒప్పించానని ఊరంతా అనుకుంటాది, నువ్వూ అనుకుంటావు. నేను జీపు దిగీ దిగకముందే వాడే వచ్చి చేతులు చాపాడు. తుండు వాడే ఇచ్చాడు. కొట్టకుండా ఒప్పుకున్నోడు నా సర్వీసు మొత్తం మీద వాడొక్కడే. ఎందుకొప్పుకున్నాడో నాకిప్పటికీ తెలీదు. నీకు తెలిస్తే సెప్పు."

"మీరెందుకు అడగలేదు?"

"ఒప్పుకున్నోణ్ణి ఏటి అడుగుతాం?" అన్నాడు రాజుబాబు. ఆ మాట అతనికే రుచించినట్టు లేదు. "నాలుగింటికి నోటరీని తీసుకుని వస్తాను, గోపీ. ఎక్కడికీ ఎల్లకు."

బూట్లు మెట్లు దిగిపోయాయి. గోడ గడియారం మూడూ పది.

వెంకటదుర్గ తప్పంతా రాజుబాబు లాఠీదనే ఇన్నేళ్ళూ అనుకుంది. అలా అనుకోవడంలో ఆమెకి కాస్త నిద్ర ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.

"ముప్పై ఏళ్ళు వీడియోలు తీసినవాడు టేపు పారేయడు," అంది. "కెమెరా ఏది?"

"బ్యాటరీ సచ్చిపోయిందండి. తెరుసుకోదు."

"ఛార్జింగు తీగ పెడితే తెరుచుకుంటుంది. ఆ తీగ ఎక్కడ దాచారు?"

ఆమె బల్ల మీది కెమెరా అందుకుని వెలుగుకి పట్టింది. క్యాసెట్ తలుపు మీదున్న చిన్న అద్దంలోంచి, లోపల క్యాసెట్‌కి అంటించిన తెల్ల కాగితం అంచు కనపడింది. కరెంటు లేకపోతే ఎవరూ తెరవలేని చోట, అందరి కళ్ళ ముందే టేపు ఉంది.

గోపీకృష్ణ సొరుగు లాగి తీగ తీసి టేబుల్ మీద పెట్టాడు. చేతులు జోడించాడు. "ఆ పిల్లని మాత్రం లోపలికి రానీకండి. మీరొక్కరే సూడండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తుడిచేశానని అప్పుడెందుకు చెప్పారు?"

"ఏసుపాదమే సెప్పమన్నాడండి. పోలీసులు రాకముందే పాస్టరుగారితో కబురంపాడు. టేపుందని ఎవరికీ సెప్పొద్దు, నా పిల్ల మీద ఒట్టు అన్నాడు. ఎందుకో నాకప్పుడు తెలీదు, టేపు పాస్టరుగారికే ఇచ్చీసి ఊరుకున్నాను. మొన్న తెలిసింది."

పాత కంప్యూటర్ రెండుసార్లు మొరాయించి లేచేసరికి మూడూ ముప్పై అయిదు. ఫైర్‌వైర్ తీగ ఒక కొస కెమెరాలో, ఒక కొస వెనక పోర్టులో పెట్టాడు. తేదీ, టైము కనపడే బొత్తాం నొక్కాడు. డీవీ టేపు ఆ అంకెల్ని బొమ్మ మీద కాకుండా, బొమ్మ పక్కన విడిగా రాసుకుంటుంది. కాపీ తీస్తే పోయేది ముందు అవే.

బొమ్మ వచ్చింది.

అదే చర్చి. కానీ ఇప్పుడు వరి కంకుల్లో గింజలు లెక్కపెట్టొచ్చు. ఏసుపాదం నుదుటి మీద చెమట, డోలక్ తాడు ముడి, చొక్కాకి ఊడిన గుండీ, అన్నీ ఉన్నాయి. మూల హత్య జరిగిన నాటి తేదీ, పక్కన అంకెలు ఆరూ యాభై. గంట మోగింది. ఆమె లెక్కపెట్టింది. ఏడో గంటకి అంకెలు ఏడు. అక్కడి నుంచి బొమ్మని వేగంగా పరిగెత్తించింది. డోలక్ మీద చేతులు ఆగలేదు. ఏడూ పది. ఏడూ ఇరవై. మనిషి లేవలేదు, పక్కకి జరగలేదు. చర్చి నుంచి దేవుడమ్మ ఇంటికి నడిచి పన్నెండు నిమిషాలు. రానూ పోనూ ఇరవై నాలుగు. ఈ మనిషికి అందులో ఒక్క నిమిషం కూడా లేదు.

పద్నాలుగేళ్ళు! ఈ అరగంట బొమ్మ చూడక పద్నాలుగేళ్ళు.

"ఇక ఆపీయండి," అన్నాడు గోపీకృష్ణ. "మీకు కావలసింది దొరికింది కదా."

ఆమె ఆపలేదు.

ఏడూ ముప్పై ఎనిమిదికి వెనక ఏదో కదిలితే మామూలు వేగానికి తెచ్చింది. ఏసుపాదం భుజం వెనక గేటు తెరుచుకుంది. డిస్కులో ఉత్త నీడగా కదిలింది ఇక్కడ మనిషయింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. ఆమె ఎవరి వైపూ చూడకుండా సూటిగా కుళాయి దగ్గరికెళ్ళింది. చేతులు కడిగింది. మోచేతుల దాకా కడిగింది. మళ్ళీ కడిగింది. కొంగు పిండింది. కింద సిమెంటు గచ్చు మీద నీళ్ళు ఎర్రగా పారాయి.

డోలక్ దెబ్బ తప్పింది. ఏసుపాదం తల తిప్పి చూశాడు. వాద్యం పక్కవాడికిచ్చి, భుజం మీది తుండు తీసి, ఆమె దగ్గరికి నడిచాడు. ఆమె చేతులు, మెడ తుడిచాడు. ఆమె మొహం ఎత్తింది. దీపం వెలుగు నేరుగా ఆ మొహం మీద పడింది.

కరుణకుమారి.

వెంకటదుర్గ టేపు ఆపింది.

"పోయిన మంగళవారం టేపు సూసి, ఆవిడికి ఫోన్ సేశానండి," అన్నాడు గోపీకృష్ణ. "వచ్చి ఇక్కడే నేల మీద కూసుని అంతా సెప్పింది. పిల్లకప్పుడు తొమ్మిదేళ్ళు. రెండు జీడిపప్పులు తిందని దేవుడమ్మ దాన్ని కొట్టంలో కూసోబెట్టి, ఒట్టి చేతుల్తో కాల్చని జీడిపిక్కలు కొట్టించిందట. జీడి నూనె పడి పిల్ల వేళ్ళు ఊడి వచ్చీసినట్టయిపోనాయి. తల్లి అడగడానికెల్లింది. దేవుడమ్మ నవ్విందట. అంతే. ఎదురుగా రోకలుంది."

"అందుకని మసక కాపీ ఇచ్చారా?"

"ఏసుపాదం కనపడాలి, ఆవిడ కనపడకూడదు. ఇంకేటి సెయ్యనండి? టేపు సూడ్డానికి పాస్టరుగారింట్లో మిషను లేదని అప్పట్లో తీసిన వీహెచ్ఎస్ కాపీ నా కాడే ఉండిపోనాది. దాంట్లో ఆవిడ మొహం లేదు. నా జన్మలో బొమ్మని సేతులారా పాడుసేసింది ఈ ఒక్కసారే."

మసక డిస్కు కోర్టులో నిలవదు. నిలిచే బొమ్మ మొగుణ్ణి విడిపించి పెళ్ళాన్ని పట్టిస్తుంది. వెంకటదుర్గ పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఇంత నిక్కచ్చి సాక్ష్యం చూడలేదు. చూసినందుకు ఇంత అసహ్యం కూడా ఎన్నడూ కలగలేదు.

వెనక తలుపు కిర్రుమంది.

శాలిని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. ఇద్దరూ తెర ముందుకు అడ్డం వచ్చారు. ఆమె వాళ్ళని పక్కకి జరపలేదు, తొంగి చూడలేదు. తన వేళ్ళ చివర ముడతలు పడ్డ మచ్చల్ని ఒక్కొక్కటిగా చూసుకుంటోంది.

"ఆడుకుంటూ చేతులు కాల్చుకున్నానని అందరికీ చెప్పమందండి అమ్మ," అంది నెమ్మదిగా. "ఆ ఆకుపచ్చ చీర ఇంకా పెట్టెలోనే ఉంది. ఎందుకు కట్టుకోవని అడిగితే మీ నాన్నొచ్చాక అనేది."

గోపీకృష్ణ కళ్ళు తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చినవాడిలా తల ఎత్తాడు.

"మేడమ్... మీరొస్తున్నారని రెండింటికి ఆవిడికి ఫోన్ సేశాను. ఇంక దాచలేనేమోనండి అన్నాను. సరే బాబూ, ఇన్నాళ్ళు దాచావు అని పెట్టీసింది."

శాలిని అప్పటికే తల్లికి ఫోన్ చేస్తోంది. అవతల ఎత్తింది తల్లి కాదు, పక్కింటి రామాయమ్మ. స్పీకర్లో ఆమె గొంతు గట్టిగా వినిపించింది.

"మీ అమ్మ మూడింటికే యలమంచిలి బస్సెక్కీసిందే శాలినీ. రైలు పట్టుకోవాలంది. తాళాలు నాకిచ్చింది, ఫోనూ నాకే ఇచ్చీసింది. ఇంక దీంతో నాకు పన్లేదు, శాలినికిచ్చీ అంది. ఏటే అంటే, దాని నాన్నకాడికి ఎల్తన్నాను అంది."

శాలిని ఫోన్ దించింది.

"ఈవేళ ఆదివారం మేడమ్. ఆదివారం జైల్లో ములాఖత్ ఉండదు. పద్నాలుగేళ్ళుగా వెళ్తోంది, అమ్మకి తెలీదా? అమ్మ వెళ్ళింది రైలు ఎక్కడానికేనా?"

వెంకటదుర్గ కెమెరా బొత్తాం నొక్కింది. క్యాసెట్ బయటికొచ్చింది. కోర్టుకివ్వాలో, కాలవలో పారేయాలో ఆమె ఇక తేల్చదలచుకోలేదు. దాన్ని శాలిని చేతిలో పెట్టింది.

"ఇది నీది. ఏం చేయాలో తర్వాత నువ్వే చెప్పు. పద."

మెట్ల మలుపులో రాజుబాబు ఎదురొచ్చాడు, వెనక నోటరీ. శాలిని గుప్పిట చూశాడు, మొహం చూశాడు. దారికి అడ్డంగా చెయ్యి చాపాడు. "ఆగు. ఏటది?"

"చెయ్యి తియ్యండి సార్. ఎందుకొప్పుకున్నాడో తెలిసింది."

రాజుబాబు చెయ్యి ఎందుకో తనంతట తానే కిందికి దిగింది. ఆమె వీధిలోకొచ్చి స్కూటీ తాళం తిప్పింది. శాలిని వెనక కూర్చుని ఆమె భుజం పట్టుకుంది.

నాలుగూ పది. బస్సు ఈపాటికి యలమంచిలి చేరుతూ ఉంటుంది. రైలు అయిదింటికి.